రక్తపరీక్ష ‘లేదు’ అంటే లేనట్టేనా?

రాత్రి ఊళ్లో దొంగలు పడ్డారేమోనని అనుమానం కలిగిందనుకోండి. పొద్దున్నే అందరూ అడిగే మొదటి ప్రశ్న “కుక్కలు మొరిగాయా?” అని. మొరగలేదంటే దొంగలు రాలేదని నిశ్చింతగా ఉంటారు. కాని ఆ ఊళ్లో అసలు కుక్కలే లేకపోతే? అప్పుడు మొరుగు వినపడలేదన్న మాటకు విలువేముంది?

వైద్యులకు కూడా కొందరు రోగుల విషయంలో ఇలాంటి చిక్కే ఎదురవుతుంది. అదేమిటో చూద్దాం.

సూక్ష్మజీవులు మన శరీరంలో ప్రవేశించినప్పుడు కొన్ని తెల్లరక్తకణాలు ప్రతిరక్షకాలనే ప్రోటీన్లను తయారుచేస్తాయని మీరు చదువుకున్నారు. కొందరిలో ఈ రక్షణ ఏర్పాటులోనే లోపం ఉంటుంది. దీన్ని ప్రాథమిక రోగనిరోధక లోపం అంటారు. ఇది ఎయిడ్స్ వంటిది కాదు. ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు. ఇందులో ఎన్నో రకాలున్నాయి. ఎక్కువమందిలో కనిపించేది ప్రతిరక్షకాలు చాలినన్ని తయారుకాని లోపమే.

1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, మాటిమాటికీ జబ్బుపడుతున్న 8 ఏళ్ల బాలుడి రక్తాన్ని పరీక్షించాడు. ప్రతిరక్షకాలుండే గామా గ్లోబ్యులిన్ అనే భాగం అందులో కనిపించలేదు! ఇతరుల రక్తం నుంచి తీసిన గామా గ్లోబ్యులిన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తే బాలుడు కోలుకున్నాడు. నేటికీ ముఖ్యమైన వైద్యం ఇదే. వేలమంది దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలను రోగికి సాధారణంగా 3, 4 వారాలకొకసారి నరంలోకి ఎక్కిస్తారు.

ఈ లోపం పెద్దవాళ్లలోనూ బయటపడుతుంది. ‘కామన్ వేరియబుల్ ఇమ్యునోడెఫిషియెన్సీ’ అనే రకాన్ని చాలామందిలో 20, 40 ఏళ్ల మధ్యనే గుర్తిస్తారు. వైద్యం పుణ్యమా అని వీళ్లు న్యుమోనియా వంటి జబ్బుల నుంచి తప్పించుకొని ఎక్కువకాలం బతుకుతున్నారు. కాని బయటినుంచి ప్రతిరక్షకాలు అందించినంత మాత్రాన లోపలి ఏర్పాటు చక్కబడదు. కొందరిలో తెల్లకణాలు దారితప్పి సొంత అవయవాలకే హాని చేస్తాయి. అలా దెబ్బతినే అవయవాల్లో కాలేయం ఒకటి. అది చాలావరకు పాడయ్యేదాకా నొప్పి అనేది తెలియనివ్వదు. కనుక మనమే వెతికి పట్టుకోవాలి.

ముందుగా హెపటైటిస్ వైరస్ ఉందేమో చూస్తారు. సాధారణంగా హెపటైటిస్-సి కోసం చేసే మొదటి పరీక్ష వైరస్‌ను వెతకదు. దానికి ఎదురుగా శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను వెతుకుతుంది. మన రోగికి ప్రతిరక్షకాలు తయారుకావు కదా! వైరస్ ఉన్నా పరీక్ష ‘లేదు’ అనవచ్చు. కుక్కలు లేని ఊరి సంగతే ఇది.

ఇందుకు తలకిందులుగా కూడా జరగవచ్చు. దాతల నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు రోగి రక్తంలో తిరుగుతుంటే, కొన్ని పరీక్షలు లేని జబ్బును ‘ఉంది’ అని చూపవచ్చు. పొరుగూరి కుక్కలు మొరిగితే మన ఊళ్లో దొంగలు పడ్డారనుకున్నట్టు! అందుకే ఇలాంటివారిలో వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పి.సి.ఆర్. పరీక్ష చేయాలి. 1994లో అమెరికాలో ఒక ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు ద్వారానే హెపటైటిస్-సి సోకినట్టు తేలి, దాన్ని వాడకం నుంచి తొలగించారు. అప్పటినుంచి తయారీలో వైరస్‌లను నశింపజేసే పద్ధతులు మరింత కట్టుదిట్టమయ్యాయి.

వైరస్ లేకపోయినా కాలేయం చెడవచ్చు. పేగుల నుంచి, ప్లీహం నుంచి రక్తాన్ని కాలేయానికి చేర్చేది ద్వారసిర. కొందరు రోగుల్లో కాలేయం లోపల దీని సన్నని కొమ్మలు దెబ్బతింటాయి. రక్తం అందనిచోట కణాలు కృశిస్తాయి. అందినచోట పెరిగి చిన్నచిన్న బుడిపెలవుతాయి. తూము పూడితే వెనక కాలువలో నీటిమట్టం పెరిగినట్టు ద్వారసిరలో ఒత్తిడి పెరుగుతుంది. ప్లీహం ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను ఎక్కువగా తనలోనే ఉంచేసుకుంటుంది. మైక్రోలీటరుకు 1.5 లక్షలకు పైగా ఉండవలసినవి రక్తంలో తగ్గిపోతాయి.

ఇక్కడ ఇంకో చిక్కు. కాలేయ కణాలు నశించినప్పుడు రక్తంలో పెరిగే ఎంజైములు ఈ జబ్బులో దాదాపు మామూలుగానే ఉండవచ్చు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఒక్కటే కొద్దిగా పెరిగి కనిపించవచ్చు. కాబట్టి ఒక అంకెను చూసి సరిపెట్టుకోకుండా, ప్లీహం పరిమాణం, ప్లేట్‌లెట్ల సంఖ్య కలిపి చూడాలన్నమాట.

కోయకుండానే పుచ్చకాయను తట్టి చూస్తాం కదా! కాలేయాన్నీ ఇంచుమించు అలాగే చూసే పరికరం ఉంది. దాన్ని కుడివైపు పక్కటెముకల మధ్య ఆనించి చర్మాన్ని మెల్లగా తడతారు. ఆ తాకిడికి పుట్టిన తరంగం కాలేయంలో ఎంత వేగంతో పోతున్నదో అల్ట్రాసౌండ్ కొలుస్తుంది. గట్టి కాలేయంలో తరంగం వేగంగా పోతుంది. లెక్క మీరే చేయవచ్చు. వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని సాంద్రతతోనూ 3తోనూ గుణించండి. సాంద్రత ఘనమీటరుకు 1000 కిలోగ్రాములనుకోండి. వేగం సెకనుకు 1.3 మీటర్లయితే గట్టితనం సుమారు 5 కిలోపాస్కల్స్. ఆరోగ్యమైన కాలేయం దరిదాపుల్లో ఉండేది ఇంతే. వేగం 2 మీటర్లయితే 12 వస్తుంది. వేగం రెండింతలు కాకుండానే గట్టితనం రెండింతలు దాటింది, గమనించారా?

బుడిపెల జబ్బులో ఈ అంకె మరీ ఎక్కువగా పెరగకపోవచ్చు. అనుమానం తీరకపోతే సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడవలసిందే. ఆలస్యం చేస్తే ఒత్తిడికి అన్నవాహికలోని సిరలు ఉబ్బి, పగిలి ప్రాణాపాయం కలుగుతుంది. ముందే తెలిస్తే ఆ సిరలకు బ్యాండు వేసి రక్తస్రావాన్ని నివారించవచ్చు.

మీ ఇంట్లో పాత రక్తపరీక్ష కాగితం ఉంటే తీసి చూడండి. అందులోని ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి “ఇది జబ్బునే చూస్తోందా, జబ్బు జాడను చూస్తోందా?” అని మీ సైన్సు మాస్టారిని అడగండి.