పన్నుతో పాటు ఎముకా పోతుంది

ముందు పన్ను ఊడితే మర్నాడే డాక్టరు దగ్గరికి పరుగెడతాం. దవడ పన్ను పీకించుకుంటే మాత్రం, ఎవరికీ కనబడదు కదా, రెండో పక్క నములుకోవచ్చులే అని ఏళ్లు గడిపేస్తాం. అసలు నష్టం ఆ కనబడని చోటే జరుగుతుంది.

నమిలినప్పుడల్లా పంటి వేరు మీదుగా అందే ఒత్తిడే దవడ ఎముకను నిలబెడుతుంది. పన్ను పోయాక అక్కడి ఎముక తరిగిపోతూ వస్తుంది. ఆ తరుగుదల ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి. కింది పన్ను పోతే, ఆనుకోవడానికి ఏమీ లేక పై పన్ను కిందికి దిగుతుంది. పళ్లన్నీ పోయిన పెద్దవాళ్ల బుగ్గలు లోపలికి పోయి గడ్డం ముందుకు పొడుచుకొచ్చినట్టుండేది వయసు ఒక్కదాని వల్లే కాదు, ఈ ఎముక తరుగు వల్ల కూడా.

పోయిన పన్ను స్థానంలో పెట్టే ఇంప్లాంట్ అంటే కొత్త పన్ను అనుకుంటారు. అది కొత్త వేరు. ఎముకలో బిగించే చిన్న టైటానియం స్క్రూ. 1952లో స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు రక్తప్రసరణను గమనించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చారు. పని అయ్యాక తీయబోతే అది ఊడి రాలేదు, ఎముక దానికి అతుక్కుపోయింది. 1965లో ఆయన మొదటిసారి మనిషి దవడలో ఇలాంటి స్క్రూలు పెట్టారు. ఆ రోగి 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి.

ఇలా అతుక్కోవడానికే సమయం కావాలి. కింది దవడ గట్టిది కనుక మామూలుగా మూడు నెలలు, పై దవడ ఎముక కాస్త గుల్లగా ఉంటుంది కనుక ఇంకా ఎక్కువ, ఒక్కోసారి ఆరు నెలల వరకూ ఆగాలి. ఆ తర్వాతే పైన పన్ను ఆకారపు క్యాప్ బిగిస్తారు. ఒక్క రోజులో పళ్లు అన్న ప్రకటనలు పూర్తిగా అబద్ధం కాదు. ఎముక బలంగా ఉన్న కొందరికి తాత్కాలిక పళ్లు వెంటనే పెట్టవచ్చు. కానీ అంతమాత్రాన స్క్రూ ఎముకతో కలవడానికి పట్టే కాలం తగ్గదు. ముందుగా స్కాన్ తీయించాలి. కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరం ఉంటుంది, పైన ముక్కు పక్కన గాలి గది ఉంటుంది. రెండింటికీ స్క్రూ తగలకూడదు.

షుగర్ అదుపులో లేకపోయినా, సిగరెట్ మానకపోయినా ఎముక సరిగ్గా అతుక్కోకపోవచ్చు. ఎముకలు గుల్లబారకుండా ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఎదుగుతున్న పిల్లలకు ఇంప్లాంట్ పెట్టరు. దవడ పెరుగుతుంది, స్క్రూ ఉన్నచోటే ఉండిపోతుంది. డెబ్బై దాటినవాళ్లకు మాత్రం వయసే అడ్డం కాదు.

అందరికీ ఇంప్లాంటే కావాలనీ లేదు. పక్క పళ్లకు ఎలాగూ క్యాప్‌లు వేయాల్సి ఉంటే, వాటి ఆధారంతో నిలిపే బ్రిడ్జి మంచిదే. ఆ పళ్లు నిక్షేపంగా ఉంటే మాత్రం వాటిని అరగదీయించుకోవడానికి నా మనసొప్పదు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది కట్టుడు పళ్లు నిలవక, అన్నం మెత్తగా కలుపుకుని మింగే పెద్దవాళ్లకు జరిగే మేలు. కింది దవడలో రెండు ఇంప్లాంట్లు పెట్టి, గుండీల్లాంటి బిగింపులతో పళ్ల సెట్టును నిలపవచ్చు. పళ్లు లేని కింది దవడకు మొదట ఎంచుకోవలసింది ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు చెప్పారు.

ఇంప్లాంట్‌కు పుచ్చు రాదు. కానీ గార పేరుకుంటే చుట్టూ చిగురు వాచి, ఎముక కరిగి, నొప్పి తెలియకుండానే స్క్రూ వదులైపోతుంది. సందుల్లో దూరే చిన్న బ్రష్‌తో రోజూ శుభ్రం చేయాలి. చిగురు నుంచి నెత్తురొస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

స్క్రూ పెట్టినరోజే దాని కంపెనీ పేరు, సైజు ఉన్న స్టిక్కరు అడిగి తీసుకుని దాచుకోండి. పదిహేనేళ్ల తర్వాత వేరే ఊళ్లో క్యాప్ వదులైతే, ఏ పనిముట్టుతో బిగించాలో అక్కడి డాక్టరుకు ఆ చీటీయే చెబుతుంది.