ఒక్క పట్టికలో అన్ని లింకులూ

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అరకు, పాడేరు విశాఖ జిల్లా నుంచి విడిపోయాయి, జిల్లా వెబ్‌సైటూ వేరైంది. ఇలా చిరునామాలు మారుతుంటే అరకులో నెట్ సెంటర్ నడిపే నాకు పట్టుకున్న బెంగల్లా లింకులదే. ముంచింగిపుట్టు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లకు తెరుచుకోని దరఖాస్తు చూపిస్తే ఎలా?

అందుకే నా సైటు పేజీల్లో అసలు చిరునామా రాయను. ‘కులపత్రం’ లాంటి పొట్టి పేరుకే లింకు పెడతాను. ఆ పేరు ఏ పీడీఎఫ్‌కు వెళ్లాలో ఒకే పట్టికలో ఉంటుంది. పత్రం చోటు మారితే అక్కడ ఒక్క గడి దిద్దుతాను, పేజీలన్నీ సర్దుకుంటాయి. ఈ దారి మళ్లింపుకు, తాత్కాలికమని చెప్పే 302 కోడే మేలు. 301 అంటే శాశ్వతమని. బ్రౌజర్లు పాత గమ్యాన్నే గుర్తుపెట్టుకుంటాయి.

మంచి చిరునామా మారదని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశాడు. మన ఆఫీసులు చదివినట్టు లేవు! మీరు మాత్రం పట్టికలోని లింకులన్నీ నెలకోసారి నొక్కి చూడండి.