మంగలికత్తి, పసుపు సానరాయి

కోణమును కొలుచు సాధనమేదియు లేకయే మంగలికత్తిని సానపట్టువాడు కోణము తప్పకుండ ఎట్లు నూరగలడని తరగతిలో ఒక విద్యార్థి అడిగెను. వంటకత్తిని నూరునపుడు మణికట్టు కొంచెము చలించినను వాదర గుండ్రనై మొద్దుబారును. మంగలికత్తికి ఆ భయము లేదు. దాని రెండు ప్రక్కలును లోతుగా తొలిచియుండుటచే, బల్లపరుపుగా పరుండబెట్టినపుడు వాదరయు వెన్నును మాత్రమే రాతిని తాకును. అనగా కోణమును కాచునది చేయి కాదు, వెన్ను. 20 మి.మీ. వెడల్పును, 5.5 మి.మీ. వెన్ను మందమును గల కత్తికి వాదరకోణము సుమారు 16 డిగ్రీలగును. నూరినప్పుడెల్ల వాదరతోపాటు వెన్నును లేశమాత్రము అరుగుచుండుటచే, ఏండ్లు గడచి కత్తి సన్నబడినను ఆ కోణము ఇంచుమించు నిలిచియుండును. వాదరను ముందిడి నెట్టుట, కొసన వెన్నుపై పొరలించుట, మరల వాదర ముందుగానే వెనుకకు తెచ్చుట: ఇంతియే నూరుట. తోలుపట్టీపై మాత్రము వెన్ను ముందు నడచును.

ఇక రాయి. సానరాళ్లలో నాకు పక్షపాతము బెల్జియము దేశపు ఆర్డెన్ కొండలలో, వీల్‌సామ్ ప్రాంతమున సన్నని పొరలుగా దొరకు పసుపుపచ్చని కోటిక్యూల్ మీదనే. అభ్రకజాతి ఖనిజముల మెత్తని నేలలో స్పెసర్టీన్ అను మాంగనీసు గార్నెట్ కణములు కిక్కిరిసియుండుటయే దాని స్వరూపము. భీమునిపట్టణపు ఇసుకలో ఎఱ్ఱచారలు దీర్చు గార్నెట్లకు ఇవి దాయాదులు. కణము మిల్లీమీటరులో నూరవవంతుకు అటునిటుగా నుండును. పండ్రెండు ముఖముల ఆ స్ఫటికమున ప్రక్కప్రక్క ముఖములు 120 డిగ్రీల మొద్దుకోణమున కలియును గనుక, అది ఉక్కును లోతుగా చీల్చక పైపైన గీరును.

ఈ రాతి చమత్కారమంతయు నీటిలో నున్నది. రెండు చుక్కలు చల్లి, అదేజాతి చిన్నరాతితో రుద్దినచో చిక్కని మజ్జిగవంటి కల్కము లేచును. అందు నేలనుండి విడివడిన గార్నెట్లు స్వేచ్ఛగా దొర్లుచు ఉక్కును వడిగా కోయును. అయితే ముందుకు సాగు వాదర ఆ కణములనే ఢీకొని కొంత మొద్దుబారుచుండును. కావున కల్కముపై ఎంతసేపు నూరినను పదును ఒక మేరను దాటదు. అపుడు చుక్క చుక్కగా నీరు చేర్చుచు కల్కమును పలుచన చేయుదురు. తుదకు రాతిని కడిగి తేటనీటిపై నూరుదురు. ఇపుడు కణములు అభ్రకమున బిగిసియుండి తలలు మాత్రమే చూపుటచే కోత మందగించి, మెరుగు మిగులును. మోటుపనికొకటి, నాజూకుపనికొకటిగా రాళ్లు మార్చవలసిన పనిని ఒకే రాతిపై నీరు నెరవేర్చుచున్నది. అమెరికాలోని ఆర్కన్సా రాయి ఘనమైనదే కాని, క్వార్ట్జ్ కణములు గట్టిగా పెనవేసికొన్న దానియందు ఈ లీల లేదు.

పిదప కథ కురుచ. 1904లో పేటెంటు పొందిన జిలెట్, అరిగిన బ్లేడును పారవేయుట నేర్పినాడు. సానరాతికి గిరాకి తగ్గి ఆర్డెన్ గనులు ఒక్కటొక్కటిగా మూతబడెను. గత శతాబ్ది చివర తవ్వకము మరల మొదలైనది. పొర పలుచన గనుక రాతికి అడుగున పలకరాయి అతికింతురు. చదరముగా కోయుటకు వీలుపడని వంకరముక్కలు కొంత చౌకగా దొరకును; పనిలో వానికేమియు కొదువ లేదు, అరచేత పట్టి నూరుట అలవడిన చాలును.