కుండ చల్లబడే రహస్యం – దేహాన్ని కాపాడే చెమట

మే నెల మధ్యాహ్నం. నిజామాబాదులో ఉన్న అక్క మచిలీపట్నంలో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది. "మా దగ్గర 42 డిగ్రీలు. మీది సముద్రతీరం. 36 డిగ్రీలేనట. అదృష్టవంతురాలివి" అన్నది. "ఏం అదృష్టం ఆపా! కట్టుకున్న బట్ట ఒంటికి అంటుకుపోతోంది. కూలర్ వేసినా ఊపిరాడడం లేదు" అని చెల్లెలు నిట్టూర్చింది. ఇలాంటి సంభాషణ ఏటా ఎన్నో ఇళ్ళలో వినిపిస్తుంది. వీరిద్దరిలో ఎవరికి అపాయం ఎక్కువ? ఉష్ణమాపకంలోని అంకె ఒక్కటే చూస్తే అక్కకే అనిపిస్తుంది. కాని సమాధానం ఆ అంకెలో లేదు. ఇంటి మూలన ఇసుక మీద కూర్చున్న మట్టికుండలో ఉంది.

మట్టికుండ గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. లోపలి నీరు వాటి గుండా మెల్లగా ఊరి పైకి వచ్చి, గాలి తగలగానే ఆవిరవుతుంది. నీరు ఆవిరి కావాలంటే దానికి వేడి కావాలి. ఆ వేడిని అది కుండ నుండి, కుండలోని నీటి నుండి లాక్కుంటుంది. ఈ వేడి పరిమాణం మనం ఊహించలేనంత పెద్దది. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి మరిగే స్థాయికి తీసుకురావడానికి 70 కిలో కేలరీలు చాలు. అదే లీటరు నీరు మన గది వాతావరణంలో ఆవిరైపోవడానికి సుమారు 580 కిలో కేలరీలు కావాలి. అందుచేత పది లీటర్ల కుండ నుండి ఒక్క గ్లాసెడు నీరు, అంటే 200 మిల్లీలీటర్లు ఆవిరైతే, బయటి వేడి లోపలికి చొరబడని పక్షంలో మిగిలిన నీరంతా పది డిగ్రీలకు పైగా చల్లబడాలి. ఇత్తడి బిందెకూ స్టీలు బిందెకూ ఈ భాగ్యం లేదు. వాటి గోడల్లో నీరు ఊరే దారి లేదు.

కుండ చుట్టూ తడిగుడ్డ చుట్టడం, గాలి ఆడే చోట నీడన ఉంచడం, లవణాలు పేరుకుని రంధ్రాలు మూసుకుపోయిన పాత కుండను మార్చడం – మన పెద్దలు అనుభవంతో పాటించిన ఈ పద్ధతులన్నింటి వెనుక ఉన్నది ఈ ఒక్క సూత్రమే. గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లడమూ ఇదే. కైరో నగరపు పాత ఇళ్ళలో వీధి వైపుకు పొడుచుకువచ్చిన చెక్క జాలీ కిటికీలు ఉంటాయి. వాటిని 'మష్రబియ్యా' అంటారు. తాగడం అనే అర్థమున్న అరబీ ధాతువు నుండి ఆ పేరు వచ్చిందని చెబుతారు. గాలి వీచే ఆ జాలీలో తాగునీటి కూజాలు ఉంచి చల్లబరచుకునేవారు. ఇంటి స్త్రీలకు పరదా, గదికి గాలి, దాహానికి చల్లని నీరు – మూడింటినీ ఒక్క కిటికీ సమకూర్చేది.

అయితే ఈ సూత్రానికి ఒక షరతు ఉంది. ఆవిరిని పుచ్చుకోవడానికి గాలిలో చోటుండాలి. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే కుండ గోడ తడిగానే ఉంటుంది. నీరు ఆవిరి కాదు, చల్లబడదు. గాలిలో ఎంత చోటున్నదో తెలుసుకోవడానికి వాతావరణ కేంద్రాలలో గాలి ఆడే తెల్లని చెక్క పెట్టెలో రెండు ఉష్ణమాపకాలను పక్కపక్కనే ఉంచుతారు. ఒకదాని బల్బు పొడిగా ఉంటుంది. రెండవదాని బల్బుకు తడి వస్త్రం చుట్టి ఉంటుంది. ఆవిరయ్యే నీరు వేడిని లాక్కోవడం వల్ల తడి బల్బు తక్కువ ఉష్ణోగ్రతను చూపుతుంది. రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువగా ఉంటే గాలి అంత పొడిగా ఉన్నట్లు.

ఇప్పుడు అక్కాచెల్లెళ్ళ లెక్క చూద్దాం. 42 డిగ్రీల వేడిలో తేమ 20 శాతం ఉంటే తడి బల్బు సుమారు 24 డిగ్రీలు చూపుతుంది. 36 డిగ్రీల వేడిలో తేమ 60 శాతం ఉంటే అది 29 డిగ్రీలు దాటుతుంది. నీటితో గాలిని చల్లబరచే ఏ సాధనమైనా ఈ అంకె కంటే కిందికి తీసుకుపోలేదు. కనుక అక్క ఇంటి కూలర్ హాయినిస్తుంది, చెల్లెలి ఇంటి కూలర్ ఉక్కపోతను పెంచుతుంది. మరొక మాట. చాలామంది చల్లదనం బయటికి పోతుందని కిటికీలన్నీ మూసి గదిలో కూలర్ నడుపుతారు. అది పొరపాటు. తేమ గదిలోనే పేరుకుపోయి కాసేపటికి కూలర్ వ్యర్థమవుతుంది. కూలర్ వెనుక భాగం బయటి గాలికి ఆనాలి, ఎదుటి కిటికీ తెరిచి ఉండాలి.

మన దేహం కూడా ఒక మట్టికుండే. వుజూ చేసి ఫ్యాను కింద నిలిచినప్పుడు ముఖానికి కలిగే చల్లదనాన్ని గుర్తు చేసుకోండి. చెమట చేసే పని అదే. ఎండలో శ్రమించే మనిషికి గంటలో లీటరుకు పైగా చెమట పట్టవచ్చు. అది ఆవిరైతేనే దేహం చల్లబడుతుంది. ధారలుగా కారిపోయిన చెమట వల్ల నీరు, ఉప్పు నష్టమే తప్ప ప్రయోజనం లేదు. తడి బల్బు ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే, నీడలో కదలకుండా కూర్చున్న ఆరోగ్యవంతుడు సైతం ఎక్కువ గంటలు బతకలేడని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ తరువాత జరిపిన ప్రయోగాలలో, ఆరోగ్యవంతులైన యువకుల దేహాలు సుమారు 31 డిగ్రీల దగ్గరే వేడిని అదుపు చేసుకోలేకపోతున్నట్లు తేలింది. వృద్ధుల సంగతి, రోగుల సంగతి చెప్పనక్కరలేదు. 2015 వేసవిలో దేశంలో రెండు వేల మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. వారిలో అధికులు మన రెండు తెలుగు రాష్ట్రాల వారే.

పొడిగాలి మాత్రం నిర్భయమని అనుకోరాదు. మక్కా, మదీనాల గాలి చాలావరకు పొడిగా ఉంటుంది. అందుకే మస్జిదె నబవీ ఆవరణలో నీటి తుంపరలు చిమ్మే ఫ్యానులు అంత హాయిగొలుపుతాయి. కాని 2024 హజ్ రోజులలో మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఆ ఏడు 1,301 మంది మరణించినట్లు సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో అత్యధికులు అనుమతి పత్రాలు లేక, నీడా వసతీ దొరకక, ఎండలో దూరాలు నడిచినవారు. పొడిగాలిలో చెమట పట్టిన క్షణమే ఆరిపోతుంది. ఎంత నీరు కోల్పోయామో తెలియకుండానే దేహం ఎండిపోతుంది. కనుక హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళేవారు దాహం వేసేదాకా ఆగక నీరు తాగాలి. గొడుగు, నీటిసీసా వెంట ఉంచుకోవాలి.

ఇస్లాం ధర్మం మనిషి దేహపు ఈ పరిమితిని ఎన్నడూ విస్మరించలేదు. ఒక ప్రయాణంలో ముఅజ్జిన్ జుహ్ర్ అజాన్ ఇవ్వబోగా దైవప్రవక్త (స) చల్లబడనివ్వమని ఆపారనీ, గుట్టల నీడలు కనిపించేదాకా వేచి ఉన్నారనీ హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖించారు. అన్నిటికన్నా గొప్ప ఆరాధన విషయంలోనే ఇంతటి వెసులుబాటు ఉండగా, మండుటెండలో పెళ్ళి ఊరేగింపు, నడిమధ్యాహ్నం బజారు పని ఎందుకు వాయిదా వేసుకోరాదు? వ్యాధిగ్రస్తులకూ ప్రయాణికులకూ ఉపవాసాన్ని తరువాత పూర్తి చేసుకునే సౌకర్యాన్ని దివ్యఖుర్ఆన్ ఇచ్చింది. ప్రాణభయం ఏర్పడినప్పుడు ఉపవాసం విరమించవచ్చని ధర్మవేత్తలు వివరించారు. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించడం బలహీనత కాదు, విధేయతే.

ఇంట్లో అందరికంటే ఎక్కువ వేడిని భరించేది వంటగదిలోని గృహిణి. పొయ్యి వేడికి తోడు అన్నం, కూరల ఆవిరి ఆ గదిని సముద్రతీరంగా మార్చివేస్తుంది. వంట పొద్దున్నే ముగించడం, ఆవిరి బయటికి పోయేలా కిటికీ తెరవడం, గాలిని బయటికి నెట్టే ఫ్యాను అమర్చడం ఖర్చు లెక్కలోకి వచ్చే విషయాలు కావు. వదులైన నూలు దుస్తులు చెమటను ఆరనిస్తాయి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒక్కటే దేహాన్ని మరింత వేడెక్కిస్తుంది. అప్పుడు ఒంటిని తడిగుడ్డతో తుడుచుకోవాలి.

మాట తడబడడం, తికమకపడడం, స్పృహ తప్పడం, ఒళ్ళు కాలిపోవడం – ఇవి వడదెబ్బ లక్షణాలు. వెంటనే 108కి ఫోను చేయాలి. అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, పైదుస్తులు వదులు చేసి, ఒంటినిండా నీళ్ళు చల్లి విసరాలి. మెడ, చంకల వద్ద ఐసు పెట్టాలి. స్త్రీ అయితే ఇంటి స్త్రీలు చాటు కల్పించి ఆ పని చేయాలి. సంకోచంతో ఒక్క నిమిషమైనా జాప్యం చేయరాదు. స్పృహలో లేనివారి నోట నీళ్ళు పోయరాదు. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

తల్లి మరణించినప్పుడు హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) ఏ దానం శ్రేష్ఠమని అడిగితే, దైవప్రవక్త (స) నీరు అని సెలవిచ్చారు. ఆయన తల్లి పేర బావి తవ్వించారు. మనందరం బావులు తవ్వించలేకపోవచ్చు. కాని గేటు బయట, చెట్టు నీడన, ఇసుక మీద ఒక మట్టికుండ, మూత, పొడుగుకాడ గరిట, శుభ్రమైన గ్లాసు పెట్టగలం. ఆ దారిన పోయే రిక్షావాడు, తాపీ పనివాడు, పోస్టుమాన్ ఒక గుక్క తాగి నుదురు తుడుచుకుంటే, ఒక ప్రాణం నిలబడిందేమో ఎవరికి తెలుసు? అల్లాహ్‌కు తెలుసు.