కథలో వీరులు.. ఇంట్లో భయం

కవలలనగానే మనకు లవకుశులు, నకుల సహదేవులు గుర్తొస్తారు. గ్వాటెమాలాలోని మాయా ప్రజలకు హునాహ్‌పు, ష్బలాంకే అలాంటివారు. వీరి కథ 'పోపోల్ వుహ్' అనే గ్రంథంలో ఉంది. పాతాళ ప్రభువులు వీరి తండ్రిని, బాబాయిని బంతాటకు పిలిచి చంపేస్తారు. పెద్దయ్యాక కవలలు కూడా పాతాళానికి వెళ్తారు. చచ్చి బతికే విద్య చూపిస్తారు. ముచ్చటపడిన ప్రభువులు 'మమ్మల్నీ చంపి బతికించండి' అని అడిగితే, చంపి ఊరుకుంటారు! ఆఖరికి ఒకరు సూర్యుడు, మరొకరు చంద్రుడు అవుతారు. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సిస్కో హిమేనెస్ అనే క్రైస్తవ సన్యాసి రాసుకున్న ప్రతి ఇప్పుడు చికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీలో ఉంది.

మెక్సికోలోని ఆజ్‌టెక్‌ల నవాట్ల్ భాషలో 'కోఆట్ల్' అంటే పాము. కవల అని కూడా అర్థం. అందుకే కెట్సల్‌కోఆట్ల్ దేవుడి పేరుకు 'ఈకల పాము' అనీ, 'అపురూపమైన కవల' అనీ రెండర్థాలు చెబుతారు. కుక్క తల ఉన్న షోలోట్ల్ ఆయనకు జోడీ, కవలలకు దేవుడు.

అయితే దేవుళ్లలో ఉన్న గౌరవం ఇళ్లలో లేదు. కవలలు పుడితే తల్లిదండ్రుల్లో ఒకరి ప్రాణానికి ముప్పని నమ్మి, ఇద్దరిలో ఒక బిడ్డను పుట్టగానే చంపేసేవారని 16వ శతాబ్దపు స్పానిష్ సన్యాసి మోతోలినీయా రాశాడు. మామూలుకు భిన్నంగా వచ్చినదాన్ని పూజించడం, దానికి భయపడటం రెండూ పక్కపక్కనే ఉండేవన్నమాట.

ఆ భయం పోయింది, మాట మిగిలింది. 'కోఆట్ల్' నుంచి వచ్చిన 'క్వాతే'కు మెక్సికో స్పానిష్‌లో కవల అనే కాదు, ప్రాణస్నేహితుడు అని కూడా అర్థం. మీ ఆఫీసులో మెక్సికన్ మిత్రుడు మిమ్మల్ని అలా పిలిస్తే, తోడబుట్టినవాడితో సమానం చేశాడని సంతోషించండి.