మైనపు కాగితం మీద అమరావతి

కెమెరా పుట్టినప్పుడే దాని జాతకంలో ఈజిప్టు రాసిపెట్టి ఉంది. 1839 జులైలో పారిస్ చట్టసభలో శాస్త్రవేత్త ఫ్రాంస్వా అరాగో లేచి, డాగేర్ కనిపెట్టిన బొమ్మల పెట్టెకు సర్కారు ఎందుకు డబ్బివ్వాలో చెబుతూ నైలు నది ఒడ్డున ఉన్న గుళ్ల మాట ఎత్తాడు. థీబ్స్, మెంఫిస్, కర్నాక్ గోడల మీది చిత్రలిపిని చేత్తో దించుకోవాలంటే దశాబ్దాలు పడుతుంది, దండుకు దండు చిత్రకారులు కావాలి. ఈ పెట్టె ఉంటే ఒక్క మనిషి చాలు అన్నది ఆయన వాదన. ఆగస్టు 19న ఆ పద్ధతిని లోకానికి వెల్లడించారు. నవంబరు కల్లా ఒరాస్ వెర్నే అనే చిత్రకారుడు, ఆయన వెంట గూపిల్ ఫెస్కే, అలెగ్జాండ్రియా రేవులో దిగి ఈజిప్టు ఏలిక పాషా మహలు ముందు పెట్టె నిలబెట్టారు. అక్కణ్ణుంచి పిరమిడ్ల దగ్గరికి పోయారు.

మరి మన సంగతేమిటి? కృష్ణా డెల్టాలో గుడ్లవల్లేరుకు ఇటు గుడివాడ, అటు బందరు, దివి వైపు ఘంటసాల, కృష్ణ దాటితే భట్టిప్రోలు, ఎగువకు పోతే అమరావతి. పిరమిడ్లంత వయసు లేకపోయినా, ఇంచుమించు రెండు వేల ఏళ్ల నాటి స్తూపాలు ఈ వరసలో ఉన్నాయి. వీటి దగ్గరికి కెమెరా ఎప్పుడు వచ్చిందని వెతుకుతూ పోతే దొరికే జవాబు విచిత్రంగా ఉంటుంది. మొదట కెమెరా రాళ్ల దగ్గరికి రాలేదు. రాళ్లే కెమెరా ఉన్న ఊరికి పోయాయి. పోతూ పోతూ వాటిలో కొన్ని బందరులో ఆగాయి.

బందరు వాళ్లు రాబర్ట్‌సన్‌పేట పేరు రోజూ తలుస్తారు. 1820 ప్రాంతాల్లో కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ రాబర్ట్‌సన్ పేరు అది. తను కట్టించిన ఆ కొత్త పేట బజారుకు అందం తేవాలని ఆయన అమరావతి నుంచి చెక్కడపు పలకలు తెప్పించి అంగడి నడిబొడ్డున నిలబెట్టించాడు. బుద్ధుడి కథలు చెక్కిన రాళ్ల చుట్టూ మిరపకాయలు, చింతపండు బేరాలు సాగి ఉంటాయి. 1835లో మద్రాసు గవర్నరు ఫ్రెడరిక్ ఆడమ్ బందరు వచ్చి చూసి, వీటిని మద్రాసు పంపండి అని ఉత్తర్వు ఇచ్చాడు. ఉత్తర్వు అయితే వచ్చింది గానీ రాళ్లు కదల్లేదు. కొన్ని రేవు అధికారి అలెగ్జాండర్ తోటలో చేరి పూలమొక్కల మధ్య అలంకారమయ్యాయి. మద్రాసు చేరేసరికి 1850లు వచ్చాయి. ఆలస్యమైనా మేలే జరిగిందంటాను. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు 30 వేల మందిని మింగింది. తోటల్లో రాళ్ల గోడు ఆ తర్వాత ఎవరికి పడుతుంది?

ఈలోగా 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతి దిబ్బ తవ్వించి మరికొన్ని పలకలు మద్రాసుకు పంపాడు. అక్కడవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1851లో మద్రాసులో మ్యూజియం పెట్టిన ఎడ్వర్డ్ బాల్ఫోర్ చేతికి వచ్చాక గానీ వాటి మొహం చూసిన నాథుడు లేడు.

ఇక్కడ మన కథలోకి యంత్రం ప్రవేశిస్తుంది. డాగేర్ పద్ధతిలో వెండి పూసిన రాగిరేకు మీద ఒకే ఒక్క బొమ్మ పడేది. దానికి నకలు తీయలేరు. గుడి గోడను పదిమంది పండితులకు పంచిపెట్టాలంటే అది పనికిరాదు. నెగెటివు కావాలి. అది గాజు మీదన్నా ఉండాలి, కాగితం మీదన్నా ఉండాలి. గాజు పద్ధతిలో కొలోడియన్ అనే జిగురు ద్రవం పూస్తారు. అది ఈథర్, ఆల్కహాల్ కలిపి చేసేది. పూత తడిగా ఉండగానే బొమ్మ తీసి, తడిగా ఉండగానే కడగాలి. ఈథర్ 35 డిగ్రీల వేడికే మరుగుతుంది. నైలు ఒడ్డున ఫొటోగ్రాఫరు ఫ్రాన్సిస్ ఫ్రిత్ గుడారంలో కూర్చుని ఆ ద్రవం గాజు మీద పోస్తే అక్కడే బుడబుడలాడిందట. చివరికి సమాధుల్లోని చల్లటి చీకటి గదులనే చీకటి కొట్లుగా వాడుకున్నాడు. వైశాఖ మాసంలో మన డెల్టా ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే వేడి దేశాలకు వచ్చినవాళ్లలో తెలివైనవాళ్లు కాగితం పట్టుకొచ్చారు. ఫ్రెంచివాడు గుస్తావ్ ల గ్రే 1851లో వెల్లడించిన పద్ధతి ఇది. పల్చని కాగితాన్ని కరిగిన తేనెమైనంలో ముంచి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేసి, అదనపు మైనం లాగేస్తారు. మైనం నారల సందుల్ని నింపేస్తుంది. కాగితం గాజులా వెలుతురును లోపలికి పోనిస్తుంది. దాన్ని పొటాషియం అయొడైడ్ ద్రావణంలో నానబెట్టి, ఆరబెట్టి, చీకట్లో సిల్వర్ నైట్రేటు తొట్టిలో వేస్తారు. అప్పుడు పసుపు రంగు సిల్వర్ అయొడైడ్ కాగితం నిండా ఏర్పడుతుంది. వెలుతురుకు పనిచేసేది అదే. ఇలా తయారుచేసిన కాగితాలను ఆరబెట్టి కొన్ని రోజులు దాచుకోవచ్చు, బండిలో వేసుకుని ఊరూరా తిరగవచ్చు. తీసేటప్పుడు మాత్రం నిమిషాల కొద్దీ మూత తెరిచి ఉంచాలి. తీసిన వెంటనే కాగితం మీద ఏమీ కనబడదు. సాయంత్రం బసకు చేరి గాలిక్ ఆమ్లంలో గంటల తరబడి నానేస్తే నల్లని గోపురం తెల్లగా, తెల్లని ఆకాశం నల్లగా తేలుతుంది. హైపోలో కడిగి, మళ్లీ కాస్త వెచ్చచేస్తే మైనం కరిగి నెగెటివు పారదర్శకమవుతుంది.

ఈ పద్ధతిలో ఓర్పు ఎంత ఉంటే బొమ్మ అంత బాగుంటుంది. మనుషులకు ఉండదు గనక రాళ్ల బొమ్మలే బాగా వచ్చేవి. నవలాకారుడు ఫ్లోబేర్‌తో కలిసి 1849లో ఈజిప్టు వెళ్లిన మాక్సిమ్ దు కాం కూడా కాగితమే వాడాడు; 1852లో 125 బొమ్మలతో పుస్తకం వేశాడు. అబూ సింబెల్ విగ్రహం ఎంత పెద్దదో తెలియాలి కదా. అందుకని పడవ మనిషి హాజీ ఇస్మాయిల్‌ను దాని మీదికి ఎక్కించేవాడు. అతను కదలకుండా ఉండటానికి, ఈ ఇత్తడి గొట్టం ఫిరంగి, ఒళ్లు కదిలిందా గుండు పేలుతుంది అని చెప్పాడట. పాపం, ఆ మనిషి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. గజం బద్దలా నిలబడ్డ ఆ మనిషి వల్లే ఇవాళ మనకు ఆ రాళ్ల కొలత తెలుస్తోంది.

మద్రాసు వైపు ఆ పని చేసినవాడు లీనియస్ ట్రైప్. 1822లో ఇంగ్లండులో పుట్టి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరిన ఆఫీసరు. 1855లో బర్మా రాయబార బృందంతో వెళ్లి అక్కడి పగోడాలు తీశాడు. అప్పటికే కంపెనీ డైరెక్టర్లకు చిత్రకారుల జీతాల కంటే ఫొటోలే చౌక అన్న ఆలోచన వచ్చింది. 1856లో మద్రాసు ప్రభుత్వం ట్రైప్‌ను తన ఫొటోగ్రాఫరుగా పెట్టుకుంది. మైనపు కాగితాలు, మందులు, పెద్ద పెట్టె ఎడ్లబండ్ల మీద వేసుకుని శ్రీరంగం, తంజావూరు, తిరుచ్చి, మదురై, పుదుక్కోట తిరిగాడు. తంజావూరు పెద్దగుడి అరుగు చుట్టూ ఉన్న శాసనాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, 21 అచ్చుల్ని అంచుకు అంచు కలిపి, 19 అడుగుల పైచిలుకు పొడవున అతికించాడు. అరాగో కలగన్నది సరిగ్గా ఇదే. ఆనాటి రసాయనాలకు నీలం వెలుతురే అందేది; అందుకని ఆకాశం వట్టి తెల్లగా పడేది. ట్రైప్‌కు అది నచ్చేది కాదు. నెగెటివు మీద కుంచె పెట్టి మబ్బులు దిద్దేవాడు. శాస్త్రీయ దాఖలాలో చేతి మబ్బులేమిటని ఎవరైనా అడగవచ్చు. గోపురం మీద కుంచె పెట్టనంతవరకు నాకు అభ్యంతరం లేదు.

ఆ బండ్లు కృష్ణా వైపు మళ్లలేదు. అమరావతి రాళ్లు మద్రాసులోనే ఉన్నాయి గనక 1858లో మ్యూజియంలోనే పని జరిగింది. ఇలియట్ రాళ్ల పేరుతో 75 ఫొటోల సంపుటి తయారైంది. అందులో పలకలు, స్తంభాలు, విరిగిన అంచులు ఒక్కొక్కటే ఎదుటికొచ్చి కనబడతాయి. చెక్కడం స్పష్టంగా ఉంటుంది. కానీ దిబ్బ లేదు, నది లేదు, ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో ఆనవాలు లేదు. కర్నాక్ ఫొటోలో స్తంభం దాని చోట అది నిలబడి ఉంటుంది. అమరావతి ఫొటోలో స్తంభం, ఇల్లు పోయి సత్రంలో దిగినవాడిలా ఉంటుంది.

ఈ లోటు తీర్చేది కెమెరా కంటే పాతదైన పెన్సిలు. కావలి సోదరుల సాయంతో ఊళ్ల చరిత్రలైన కైఫీయతులు సేకరించిన సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మనుషుల్ని వెంటబెట్టుకుని అమరావతి వచ్చాడు. ఊరివాళ్లు దీపాలదిన్నె అనే ఆ దిబ్బకు 1817లో కొలతలు తీసి పటం గీయించాడు. పలకలకు బొమ్మలు వేయించాడు. స్తూపం ఆకారం ఊహించుకోవడానికి పండితులు ఇవాళ్టికీ ఆ పటాన్నే ముందు పరుస్తారు. 1877లో రాబర్ట్ సీవెల్ కొంత తవ్వాడు. 1880లో గవర్నరు బకింగ్‌హాం డ్యూకు హుకుంతో దిబ్బ మొత్తం ఎత్తిపోశారు. 1881 చివర పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడున్నది ఒక గొయ్యి. అప్పటికి కెమెరా బాగా ముదిరింది. పొడి జిలెటిన్ ప్లేట్లు అంగట్లో దొరుకుతున్నాయి, గాలిక్ ఆమ్లంతో రాత్రి జాగారం పోయింది. ఫొటో తీయడం సుఖమైన రోజుకు తీయాల్సిన కట్టడమే మిగల్లేదు.

ట్రైప్ కొలువు ఎక్కువ కాలం సాగలేదు. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్ ఖర్చులు తగ్గిస్తూ, ఫొటోగ్రఫీ సర్కారుకు తగని విలాసమని ఆ శాఖ మూయించాడు. ట్రైప్ ఆ తర్వాత దాదాపు కెమెరా ముట్టలేదు, 1902లో పోయాడు. అదే 1859లో ఆయన తీసిన రాళ్లలో చాలా భాగం ఓడెక్కి లండన్ వెళ్లాయి. థేమ్స్ ఒడ్డున రేవు గోదాములో కొంతకాలం పడి ఉండి, తర్వాత ఫైఫ్ హౌస్ అనే భవనంలో బండ్ల షెడ్డుకు చేరాయి. పాలరాయి అని పేరే గానీ అది పల్నాటి సున్నపురాయి. బొగ్గు పొగలోని గంధకం, వాన కలిస్తే సున్నపురాయిని మెల్లగా తినేస్తాయి. ఆరుబయట ఉన్నవి దెబ్బతిన్నాయి. 1867లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ వాటిని కనిపెట్టి, గ్రిగ్స్ అనే ఆయన చేత ఫొటోలు తీయించి, మరుసటి ఏడు పెద్ద పుస్తకం వేశాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. లండన్ పొగ సోకకముందు ఆ చెక్కడం ఎలా ఉండేదో చూడాలంటే ట్రైప్ సంపుటి తెరవాలి. సర్కారు విలాసం అనుకున్నది ఇలా కొరగాకుండా పోలేదు.

మన డెల్టాలో ఇంకో చిక్కు ఉంది. ఇది ఒండ్రు నేల. ఎంత తవ్వినా రాయి తగలదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు, తూములు, రోడ్లు మొదలయ్యాక ఇటుక, రాయి ఉన్న ప్రతి దిబ్బా గనిలా కనబడింది. భట్టిప్రోలులో విక్రమార్కుడి కోట దిబ్బ రాళ్లు కాలువ పనులకు, గుడివాడ స్తూపం ఇటుకలు రోడ్డుకు పోయాయి. మనవాళ్లనే అనలేం, గిజా పిరమిడ్ల తెల్లని పైపొర రాళ్లు కైరో మసీదుల్లోకి వెళ్లాయి. 1892లో పురావస్తు శాఖ మనిషి అలెగ్జాండర్ రే భట్టిప్రోలు తవ్వి బ్రాహ్మీ అక్షరాలున్న ధాతు పేటికలు బయటికి తీశాడు. ఘంటసాల, గుడివాడ దిబ్బల సంగతులతో కలిపి 1894లో నివేదిక వేశాడు. ఘంటసాలలో మట్టి కింద బండిచక్రం ఆకుల్లా అమర్చిన ఇటుక గోడలు బయటపడ్డాయి. ఆ అమరిక పటంలో తెలిసినంతగా ఫొటోలో తెలియదు.

రాయితో పాటు దాని చోటు కూడా దాఖలా కావాలి గనక, పొలం దున్నుతుంటేనో, చెరువు పూడిక తీస్తుంటేనో, ఇంటి పునాది తవ్వుతుంటేనో చెక్కిన రాయి గానీ పెద్ద ఇటుక గానీ తగిలితే, గునపం పక్కన పెట్టి ముందు ఫోను తీయండి. దగ్గర నుంచి ఒకటి, గట్టు, చెట్టు, కాలువ కూడా పడేలా దూరం నుంచి ఒకటి తీయండి. పక్కన స్కేలు పెట్టండి; అది లేకపోతే ఒక మనిషిని నిలబెట్టండి. ఉత్తరం ఎటో రాసుకుని, రాయిని కదపకుండా పురావస్తు శాఖకు కబురు చేయండి.