గ్రాఫిక్స్ కార్డు - మెమరీ బస్సు

కొన్నేళ్ళ క్రితం మా ఎదురింటి కుర్రవాడు వేసవి సెలవులలో ఒక దుకాణంలో లెక్కలు రాసి కొంత డబ్బు కూడబెట్టాడు. ఆ డబ్బుతో తన కంప్యూటరుకు ఒక గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. పెట్టెమీద మెమరీ ఎన్ని గిగాబైట్లో పెద్ద అంకెలతో అచ్చువేసి ఉన్నది. అతని స్నేహితుని కార్డు మీద ఉన్న అంకెకు అది రెట్టింపు. అయినా ఇద్దరూ ఒకే ఆటను పక్కపక్కన పెట్టి చూసుకొంటే ఇతని తెరమీద బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. స్నేహితుని తెరమీద నీళ్ళు పారినట్లు సాగిపోతోంది.

"రెట్టింపు మెమరీ చూసి కొన్నాను గదా మాస్టారూ, ఇదేమిటండీ ఇలా?" అని వచ్చి అడిగాడు.

నేను తెలుగు చెప్పేవాణ్ణి. నాకు అప్పటికి జవాబు తెలియదు. ఇద్దరమూ కూర్చుని రెండు కార్డుల వివరాల పట్టికలూ చదివాము. అన్నిటికంటె కింద, చిన్న అక్షరాలలో ఒక వరుస ఉన్నది: మెమరీ బస్సు వెడల్పు, ఇన్ని బిట్లు అని. స్నేహితుని కార్డులో ఉన్న సంఖ్యలో ఇతనిది మూడో వంతు మాత్రమే. ఆ వరుసకు అర్థమేమిటో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ముందుగా తెరమీది బొమ్మ సంగతి చూద్దాం. వాకిట్లో ముగ్గు వేయడానికి మొదట చుక్కలు పెడతారు. తరువాత వాటిని గీతలతో కలుపుతారు. కంప్యూటరు తెరమీద గీతలు లేవు, అన్నీ చుక్కలే. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. మామూలుగా ఇళ్ళలో కనిపించే ఒక రకం తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. హెచ్చించి చూడండి, మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును గుర్తుపెట్టుకోవడానికి 4 బైట్లు కావాలి. అనగా ఒక బొమ్మకు 82,94,400 బైట్లు. బొమ్మ కదులుతున్నట్లు కనిపించాలంటే సెకనుకు 60 బొమ్మలు మార్చాలనుకొందాం. అప్పుడు సెకనుకు సుమారు 50 కోట్ల బైట్లు మెమరీ నుండి తెరకు వెళ్ళాలి.

ఇది చాలా పెద్ద సంఖ్య అనిపిస్తుంది. నిజానికి ఇది పనిలో చిన్న భాగం. గీసిన బొమ్మను తెరకు పంపడం ఒక ఎత్తు, ఆ బొమ్మను గీయడం మరొక ఎత్తు. ఆటలో ఒక గోడ ఉన్నది, గోడకు ముందు ఒక చెట్టు ఉన్నది, చెట్టుకు ముందు ఒక మనిషి నడుస్తున్నాడు. ఒకే చుక్క దగ్గర గోడా, చెట్టూ, మనిషీ ముగ్గురూ పోటీపడతారు. ఎవరు ముందున్నారో తేల్చాలి. అందుకని గ్రాఫిక్స్ చిప్ ప్రతి చుక్కకూ రంగుతోపాటు దూరాన్ని కూడా మెమరీలో రాసి ఉంచుతుంది. కొత్త వస్తువు గీసేటప్పుడు పాత దూరాన్ని చదువుతుంది. కొత్తది దగ్గరలో ఉంటే కొత్త దూరాన్నీ, కొత్త రంగునూ రాస్తుంది. గోడమీది ఇటుకలూ, చెట్టు బెరడూ బొమ్మలుగా వేరే దాచి ఉంటాయి, వాటినీ చదవాలి. ఈ చదవడం, రాయడం అంతా కార్డుమీదనే ఉన్న సొంత మెమరీలో జరుగుతుంది. దానిని వీడియో మెమరీ అంటారు.

చిప్‌కూ ఈ మెమరీకీ మధ్య ఉన్న దారి పేరే బస్సు. మనం ఊరికి వెళ్ళే బస్సుకూ దీనికీ చుట్టరికం ఉన్నది. లాటిన్ భాషలో 'ఆమ్నిబస్' అంటే 'అందరి కొరకు' అని అర్థం. 19వ శతాబ్దంలో అందరూ ఎక్కదగిన గుర్రపు బండికి ఆ పేరు పెట్టారు. తలకాయ ఊడిపోయి తోక మిగిలి అదే 'బస్సు' అయింది. విద్యుత్తు పనివారు అన్ని తీగలకూ కరెంటు అందించే ఉమ్మడి లోహపు కడ్డీని బస్సు కడ్డీ అన్నారు. అక్కడి నుండి ఆ మాట కంప్యూటరులోకి వచ్చింది. కనుక ఇక్కడ బస్సు అంటే వాహనం కాదు, తీగల కట్ట. ఒక తీగ ఒకసారికి ఒక బిట్టును మోస్తుంది. దత్తాంశాన్ని మోసే తీగలు 64 ఉంటే అది 64 బిట్ల బస్సు, 256 ఉంటే 256 బిట్ల బస్సు. వెడల్పు అనే మాటకు ఇంతకంటె అర్థం లేదు.

పెళ్ళి భోజనాలను ఒకసారి తలచుకోండి. ఉగ్రాణం నిండా గంగాళాలలో అన్నం, పప్పు, పులుసు ఉన్నాయి. బయట పందిరిలో బంతులు తీరి ఉన్నాయి. విస్తళ్ళ ముందు కూర్చున్నవారు చేయి కడుక్కొని చూస్తున్నారు. ఉగ్రాణంలో ఎంత వండి పెట్టారన్నది మెమరీ పరిమాణం. ఒకేసారి ఎంతమంది వడ్డించడానికి బయలుదేరగలరన్నది బస్సు వెడల్పు. వారు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతారన్నది మెమరీ వేగం. రెండు వందల మంది కూర్చున్న బంతికి ఇద్దరే వడ్డిస్తుంటే, లోపల మరి నాలుగు గంగాళాలు దించినందువల్ల ఎవరి విస్తట్లోకీ అన్నం తొందరగా రాదు. మా ఎదురింటి కుర్రవాడు కొన్నది ఇంకొన్ని గంగాళాలు. అతనికి కావలసింది వడ్డించే చేతులు.

అయితే గంగాళాలు అక్కరలేదని కాదు. ఉగ్రాణంలో అన్నం అయిపోతే పక్క వీధిలోని ఇంటినుండి మోసుకురావాలి. కార్డు మెమరీ చాలకపోతే చిప్ కంప్యూటరు ప్రధాన మెమరీ దగ్గరకు వెళ్ళవలసి వస్తుంది. ఆ దారి కార్డులోని దారికంటె చాలా ఇరుకు. అప్పుడు బొమ్మ ఇంకా అన్యాయంగా ఆగిపోతుంది.

దారి గుండా సెకనుకు ఎంత దత్తాంశం వెళ్ళగలదో లెక్క కట్టడం సులభం. బస్సు వెడల్పును ఒక్కొక్క తీగ సెకనుకు మోసే బిట్లతో హెచ్చించి, 8తో భాగించాలి. 8 బిట్లు ఒక బైటు గనుక 8తో భాగిస్తున్నాం. 2016లో వచ్చిన జీఫోర్స్ జీటీఎక్స్ 1060 అనే కార్డులో 6 గిగాబైట్ల రకానికి 192 తీగలున్నాయి. ఒక్కొక్క తీగ సెకనుకు 800 కోట్ల బిట్లు, అనగా 8 గిగాబిట్లు మోస్తుంది. 192ను 8తో హెచ్చించి 8తో భాగిస్తే సెకనుకు 192 గిగాబైట్లు. 2017లో వచ్చిన జీటీ 1030 చిన్న కార్డు. దానికి 64 తీగలు, ఒక్కొక్కటి 6 గిగాబిట్లు, వెరసి 48 గిగాబైట్లు. మరుసటి సంవత్సరం అదే పేరుతో నిదానమైన మెమరీ పెట్టిన మరొక రకం వచ్చింది. తీగలు అవే 64, కాని ఒక్కొక్కటి మోసేది 2.1 గిగాబిట్లే. లెక్క వేస్తే 16.8 గిగాబైట్లు వచ్చింది. రెండు రకాలలోనూ మెమరీ 2 గిగాబైట్లే, పేరూ ఒకటే. వేగంలో మాత్రం మూడింతల తేడా! పెద్ద అంకె ఒక్కటే చూసి కొనేవారికి ఇది తెలిసే మార్గం లేదు.

ఈ ఇరుకు కొత్తది కాదు. 1999లో ఎన్‌విడియా సంస్థ జీఫోర్స్ 256 అనే చిప్‌ను తెచ్చింది. ఆ చిప్ సెకనుకు 12 కోట్ల అడుగులు వేస్తూ, అడుగుకు నాలుగేసి చుక్కలు గీయగలదు. అంటే సెకనుకు 48 కోట్ల చుక్కలు. ఒక్కొక్క చుక్కకు పాత దూరం చదవడానికి 4 బైట్లు, కొత్త దూరం రాయడానికి 4, రంగు రాయడానికి 4, మొత్తం 12 బైట్లు అనుకొందాం. ఇటుకల బొమ్మలను లెక్కలోకి తీసుకోకుండానే సెకనుకు 576 కోట్ల బైట్లు కావాలి. దాని బస్సు వెడల్పు 128 బిట్లు. మొదటి రకం కార్డులో ఒక్కొక్క తీగ సెకనుకు 16.6 కోట్ల బిట్లు మోసేది. లెక్క వేస్తే సుమారు 266 కోట్ల బైట్లు. కావలసిన దానిలో సగం కూడా లేదు! గీయగల చిప్ చేతులు కట్టుకొని కూర్చోవలసి వచ్చేది. కొద్ది నెలలలోనే అదే చిప్‌తో మరొక కార్డు వచ్చింది. అందులోని మెమరీ ఒక్కొక్క గడియార స్పందనకు రెండు బిట్లు పంపేది. తీగలు పెరగలేదు, గాని సెకనుకు 480 కోట్ల బైట్లు అందాయి. చిప్‌ను ముట్టుకోకుండానే కార్డు చురుకైంది.

చేతులు పెంచడమా, నడక పెంచడమా అనే ఈ ప్రశ్నకు రెండు సంస్థలు రెండు జవాబులు చెప్పిన సందర్భం ఒకటి ఉన్నది. 2002లో ఏటీఐ సంస్థ రాడియన్ 9700 ప్రో కార్డుకు 256 బిట్ల బస్సు వేసింది. మెమరీ వేగం మాత్రం సాధారణమే, తీగకు సెకనుకు 62 కోట్ల బిట్లు. మరుసటి సంవత్సరం ఎన్‌విడియా తెచ్చిన జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రాలో 128 బిట్ల బస్సే ఉన్నది, కాని తీగకు 100 కోట్ల బిట్లు. ఏది గెలిచిందో మీరే లెక్క వేయండి. మొదటిదానికి సుమారు 19.8 గిగాబైట్లు, రెండవదానికి 16 గిగాబైట్లు వస్తాయి. పైగా రెండవ కార్డు బాగా వేడెక్కేది. దానిని చల్లార్చే పంకా చప్పుడును జనం వేళాకోళం చేశారు. అదే సంవత్సరం ఎన్‌విడియా తెచ్చిన తరువాతి పెద్ద కార్డు ఎఫ్‌ఎక్స్ 5900కు 256 బిట్ల బస్సు వేశారు.

మరి అన్ని కార్డులకూ వెడల్పాటి బస్సే వేయవచ్చు గదా అని మీకు సందేహం రావచ్చు. బస్సు ఊరికే రాదు. ప్రతి తీగకూ చిప్ అంచున చోటు కావాలి. కార్డు పలకమీద సన్నని రాగి దారి కావాలి. ఒక గుంపులోని దారులన్నీ దాదాపు సమానమైన పొడవులో ఉండాలి. లేకపోతే కలిసి బయలుదేరిన బిట్లు కలిసి చేరవు. అందుకే ఆ పలకమీద కొన్ని రాగి గీతలు కావాలనే వంకరలు తిరిగి ఉంటాయి. దారులు ఎక్కువైతే పలకలో పొరలు పెరుగుతాయి, విద్యుత్తు ఖర్చు పెరుగుతుంది. ఒక్కొక్క మెమరీ చిప్ సాధారణంగా 32 తీగలతో కలుస్తుంది. 256 బిట్ల బస్సుకు 8 చిప్‌లు, 192కు 6, 128కి 4 కావాలి. జీటీఎక్స్ 1060లో 6 గిగాబైట్లు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది గదా! ఒక్కొక్కటి 1 గిగాబైటు చొప్పున ఆరు చిప్‌లు.

ఈ లెక్కమీద ఒకసారి న్యాయస్థానం దాకా తగాదా నడిచింది. 2014 సెప్టెంబరులో జీటీఎక్స్ 970 అనే కార్డు వచ్చింది. 4 గిగాబైట్ల మెమరీ, 256 బిట్ల బస్సు, సెకనుకు 224 గిగాబైట్లు అని ప్రకటించారు. 2015 జనవరిలో వాడుకదారులు ఒక వింత గమనించారు. మెమరీ 3.5 గిగాబైట్లు దాటితే మిగిలిన భాగం చాలా నిదానంగా పనిచేస్తోంది. చిప్ లోపలి భాగాలలో ఒకదానిని మూసివేసినందున ఎనిమిది మెమరీ చిప్‌లలో ఏడు ఒక జట్టుగానూ, ఎనిమిదవది వేరుగానూ పనిచేస్తున్నాయని తరువాత సంస్థే వివరించింది. ఒక్కొక్క చిప్ సెకనుకు 28 గిగాబైట్లు అందిస్తుంది. ఏడింటి జట్టు 196 గిగాబైట్లు, ఒంటరిది 28 మాత్రమే. పైగా రెండు భాగాలనూ ఒకే క్షణంలో చదవడం కుదరదు. 4 గిగాబైట్లు ఉన్నమాట అబద్ధం కాదు. ఎనిమిదో వాడు వడ్డించడానికి వస్తే మిగిలిన ఏడుగురూ ఆగవలసిన వడ్డన అది. అమెరికాలో కొన్నవారు దావా వేయగా, 2016లో కార్డుకు 30 డాలర్ల చొప్పున ఇచ్చి రాజీ చేసుకొన్నారు.

వెడల్పు ఒక్కటే చూసినా పొరబడతాం. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 టీఐ కార్డుకు 256 బిట్ల బస్సు, 448 గిగాబైట్లు. 2023లో దాని స్థానంలో వచ్చిన 4060 టీఐకి 128 బిట్లు, 288 గిగాబైట్లు మాత్రమే. అయినా 1920 చుక్కల తెరమీద కొత్తదే కొంత ముందుంటుంది. కారణం క్యాష్ మెమరీ. అంటే చిప్ లోపలనే ఉండే చిన్న మెమరీ. పాత కార్డులో అది 4 మెగాబైట్లు, కొత్తదానిలో 32. వడ్డనలో తెలిసినవారు బంతి మొదట్లోనే ఒక బుట్టెడు అన్నం, ఒక బకెట్టు పులుసు పెట్టించుకొంటారు. మాటిమాటికీ ఉగ్రాణానికి పరుగెత్తే పని తప్పుతుంది. ఇది మంచి ఉపాయమే, కాని బంతి పెద్దదైతే బుట్ట చాలదు. అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కల తెరమీద చుక్కలు నాలుగింతలు. అక్కడ కొన్ని ఆటలలో కొత్త కార్డు పాతదానికి సమానంగానో, కొద్దిగా వెనుకనో నిలిచింది. అదే కార్డును 16 గిగాబైట్ల మెమరీతో కూడా అమ్మారు. బస్సు మాత్రం ఆ 128 బిట్లే.

మరొక ఉపాయం మెమరీని చిప్ పక్కకే తేవడం. 2015లో ఏఎమ్‌డీ సంస్థ రాడియన్ ఆర్9 ఫ్యూరీ ఎక్స్ కార్డులో మెమరీ పలకలను అంతస్తులుగా పేర్చి, చిప్‌నూ ఆ అంతస్తులనూ ఒకే సిలికాన్ ఫలకం మీద కూర్చింది. దూరం తగ్గడంతో తీగలు ఎన్నైనా వేయగలిగారు. బస్సు వెడల్పు 4096 బిట్లు! ఒక్కొక్క తీగ సెకనుకు 1 గిగాబిట్టు మాత్రమే మోసినా మొత్తం 512 గిగాబైట్లు. ఇంతా చేస్తే ఆ కార్డులో మెమరీ 4 గిగాబైట్లే. దారి విశాలం, ఉగ్రాణం చిన్నది. కృత్రిమ మేధ కోసం తయారుచేసే పెద్ద కార్డులలో తరువాత ఈ పద్ధతే వాడారు.

మా ఎదురింటి కుర్రవాడు మళ్ళీ డబ్బు కూడబెట్టి, ఈసారి కాగితం మీద లెక్క వేసుకొని వేరే కార్డు కొన్నాడు. పాతది పారవేయలేదు. దానిని చెల్లెలి కంప్యూటరులో పెట్టాడు. ఆ అమ్మాయి పాఠాలు టైపు చేసుకొంటుంది, అప్పుడప్పుడు సినిమా చూస్తుంది. తెరకు వెళ్ళవలసింది ఆ 50 కోట్ల బైట్లూ, వాటిమీద మరికొంతా. ఆ పనికి ఇరుకు బస్సు ఎక్కడా ఆగడంలేదు.